తెల్లోడి పాటకు నేసిన చీర

పన్ను పీకించుకోవడానికి పోయి పాత పుండు రేపుకుని వచ్చాను. అనంతపురంలో మా వీధి చివర ఒక కుర్ర డాక్టరు కొత్తగా పండ్ల ఆసుపత్రి తెరిచాడు. అద్దాల తలుపులు, చల్లటి గాలి, గోడల నిండా పండ్లన్నీ కనబడేలా నవ్వే బొమ్మలు. కుర్చీని వెనక్కి వాల్చి, చిగుళ్లకు మత్తుసూది వేసి, అది ఎక్కేదాకా కదలకుండా పడుకోమన్నాడు. పైకప్పులో ఎక్కడో దాచిపెట్టిన స్పీకరులోంచి సన్నగా ఇంగ్లీషు పాటలు వస్తున్నాయి. ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలైంది. మొదట ఉత్త గిటారు. తర్వాత ఒక మొగవాడి గొంతు, గట్టిగా పాడితే పక్కింటివాళ్లు నిద్ర లేస్తారేమోనన్నట్టు మెల్లగా. అతను రెండో మాట పలికేసరికి నా కాళ్లు వాటంతటవే కదలసాగాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. మగ్గం గుంతలో తొక్కుడుచెక్కలు తొక్కినట్టు. "నొప్పిగా ఉందామ్మా?" అని డాక్టరు వంగి అడిగాడు. నోరంతా మొద్దుబారి ఉంది, లేదని చెప్పడానికి నాలుక తిరగలేదు. కండ్లలో నీళ్లు చూసి ఆ పిల్లవాడు ఇంకొక సూది వేశాడు.

ఆ పాట పాడినవాడెవరో నాకు ఆనాడు తెలియదు. మా ఇంట్లో అతని పేరు తెల్లోడు, అంతే. ఇంగ్లండు దేశంవాడని, పాట కట్టేదీ పాడేదీ తానేనని ఆ తర్వాత ఒకరి నోట విన్నాను. ధర్మవరంలో పట్టుచీరలు నేసుకునే ఇంట్లో, వాన ముఖం చూసి ఏండ్లైన ఊళ్లో, ఒక ఏడాది పొడుగునా పొద్దున్నే వినబడిన గొంతు అది. ఆ ఏడాదంతా నేను మా రమణమామను పెండ్లి చేసుకోబోతున్నానని నమ్మాను. ఆ నమ్మకానికీ ఈ పాటకూ పడిన ముడి గురించి ఇన్నేండ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇంటి పరువు పోతుందని కాదు. చెప్పాలంటే మళ్లీ ఆ ముడి నేనే విప్పాలని.

మాది బారుగా ఉండే ఇల్లు. వీధి తలుపు తీస్తే ఎదురుగా మగ్గాలే, మనుషులు ఆ తర్వాత. ఒక గుంతలో నాయన, ఇంకొక గుంతలో నేను. తమ్ముడు ఇంకా చిన్నపిల్లవాడు. పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలమే నన్ను మగ్గంలోకి దింపారు. అందరికంటే ముందు లేచేది జేజి, అంటే మా నాయనమ్మ. లేవగానే బుగ్గన పొగాకు పెట్టుకుని, చెంబుతో గుంతల్లో నీళ్లు చల్లేది. కిటికీలకు తడి గోనెపట్టలు కట్టేది. మా ఊరి ఎండకు గాలిలో తేమ ఉండదు, తేమ లేకపోతే పట్టుపోగు పుటుక్కున తెగుతుంది. కొళాయి రాని రోజున మాకు తాగడానికి తక్కువైనా గుంతకు తక్కువ కాకూడదు. తడిసిన గోనెపట్ట వాసన, రంగు అద్దిన పట్టు పచ్చివాసన, జేజి పొగాకు, వంటింట్లోంచి శెనక్కాయలు వేగే కమ్మదనం, పెనం మీద కొద్దిగా మాడిన జొన్నరొట్టె. ఇప్పటికీ ఏ ఇంట్లోనైనా గోనెసంచి తడిస్తే నాకు ఆకలవుతుంది. అమావాస్యనాడు మగ్గానికి సెలవు. ఆ పొద్దు అమ్మ బొరుగులతో ఉగ్గాని చేసి మిరపకాయ బజ్జీలు వేసేది. నాయన స్నానం చేసి, ఏ పనీ తోచక, ఇతరులు నేసిన చీరలకు వంకలు పెడుతూ కూర్చునేవాడు.

ఆ వంకలు పెట్టడంలో నాయనకు మహా గర్వం. ఎవరు నేసిన చీరనైనా తలుపు దగ్గర వెలుతురుకు పట్టి, రెండు వేళ్ల మధ్య జారనిచ్చి, ఒకచోట ఆపేవాడు. "ఇదో, ఈడ ఈ ఇంట్లో కొట్లాట జరిగింది," అనేవాడు. ఇంకొంచెం జారనిచ్చి, "ఈడ సమాధానపడినారు," అనేవాడు. మేం నవ్వేవాళ్లం కానీ ఆయన చెప్పేది అబద్ధం కాదు. అడ్డపోగు వేసిన ప్రతిసారీ దాన్ని అచ్చుతో కొట్టి బిగించాలి. మనసు కుదురుగా ఉన్ననాడు ఆ దెబ్బ ఒకే తీరుగా పడుతుంది. ఏడ్చిననాడు నేత వదులవుతుంది, కోపం వచ్చిననాడు బిగుస్తుంది, వెలుతురుకు పడితే చార కనబడుతుంది. అందుకే మా వీధిలో మగ్గం మీద ఉన్నవాళ్లకు చావుకబురు కూడా చీర దిగాకే చెప్పేవాళ్లని జేజి అనేది. అప్పట్లో అది నాకు గొప్ప మర్యాదగా తోచేది.

రమణమామ మా అమ్మకు కడగొట్టు తమ్ముడు. అవ్వాతాతా పోయాక అమ్మే అతన్ని తెచ్చి పెంచింది. నేను పుట్టిననాడే వీధిలో ఆడవాళ్లు "రమణకు పెండ్లాం పుట్టింది" అన్నారట. మా ఇండ్లలో అక్కకూతురంటే మేనమామ సొత్తు, దాని గురించి ఎవరూ ప్రత్యేకంగా అడిగేదీ లేదు, చెప్పేదీ లేదు. అతను బెంగళూరులో ఒక చీరల అంగట్లో పనికి చేరాడు. మా రెండు మగ్గాల చీరలూ తీసుకునేది ఆ అంగడి షావుకారే. పండగకో పబ్బానికో మామ రైలు దిగి వీధి మొగలో కనబడితే చాలు, "ఏమే వేణీ, నీ మొగుడొస్తాండాడే," అని ఎవరో ఒకరు కేక వేసేవాళ్లు. నేను సిగ్గుపడి గుంతలో ఇంకా లోపలికి దిగేదాన్ని. మామ నవ్వేవాడే తప్ప కాదని ఏనాడూ అనలేదు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. పట్నం వెళ్లాక చొక్కా దోపుకోవడం, జేబురుమాలు పెట్టుకోవడం నేర్చాడు. నాకు ఆ రుమాలు మడత కూడా ముద్దుగానే ఉండేది.

ఒకసారి అతను చంకలో టేపురికార్డరు పెట్టుకుని దిగాడు. "ఇది నీకే తెచ్చినా పిల్లా. మగ్గం కాడ పెట్టుకో," అన్నాడు. నా పుట్టుకలో నా కోసమని ఎవరైనా తెచ్చిన వస్తువు అదే. దాంతోపాటు ఒకే ఒక్క క్యాసెట్టు, అంగట్లో పాటలు ఎక్కించి ఇచ్చే రకం, పైన బొమ్మ కూడా లేదు. అన్నీ ఇంగ్లీషు పాటలే. మొదటి పాట ఒక్కటే మా చెవికి పాటలా వినబడింది, మిగిలినవి గోల. అందుకని అది అయిపోగానే వెనక్కి తిప్పి మళ్లీ పెట్టేవాళ్లం. మిషనుతో తిప్పితే బ్యాటరీ కరుగుతుందని, క్యాసెట్టు బయటికి తీసి, దారపు కండెకు వాడే పుల్ల దూర్చి చేత్తో తిప్పేవాళ్లం. కరెంటు ఉన్నంతసేపు బ్యాటరీలను మిద్దె మీద వడియాల పక్కన ఎండబెట్టేది జేజి. అయినా అవి నీరసించేవి. అప్పుడు తెల్లోడి గొంతు బరువెక్కి, మాటలు సాగి, నిద్రలో మాట్లాడినట్టు ఉండేది. దాంతోపాటు నా చేయీ మందగించేది. "మీ తెల్లోనికి జొరమొచ్చినట్టుండాది, కషాయం పోయండి," అనేవాడు నాయన పక్క గుంతలోంచి.

ఆ పాటలో ఒక్క మాట నాకు అర్థం కాలేదు. అయినా దాని నడక మగ్గానికి కుదిరింది. గిటారు తీగ మీటిన చోట అడ్డపోగు మోసే నాడె విసిరితే, అతను ఊపిరి తీసుకున్న చోట దెబ్బ పడేది. కొన్నాళ్లకు పాట లేకుండా నేయడం ఎలా ఉండేదో మరిచిపోయాను. మామ తర్వాతిసారి వచ్చినప్పుడు, ఎవరూ దగ్గర లేనప్పుడు, "ఏమంటాడు మామా ఆ పాటలో?" అని అడిగాను. అతను గోడకు ఆనుకుని కొంచెంసేపు ఆలోచించాడు. "వానకోసం కాసుకున్న సేను మాదిరి నీకోసం కాసుకొని ఉంటానంటాడు," అన్నాడు. నా వైపు చూడకుండా గుమ్మం వైపు చూసి అన్నాడు. అది సిగ్గనుకున్నాను. ఇంగ్లండులో కూడా వానకోసం కాచుకునే చేలు ఉంటాయా అన్న అనుమానం నాకెందుకు రాలేదో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ప్రేమలో ఉన్నదానికి భూగోళం తెలుస్తుందా!

ఆ రాకలోనే అతను రంగు చెప్పాడు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మా ఇండ్లలో పెండ్లిచీర అంగట్లో కొనరు. పెండ్లికూతురు చీర పెండ్లికూతురే నేయాలి, అంతా కాకపోయినా కొంగైనా. దానికి రంగు మాత్రం మొగుడు కాబోయేవాడు వచ్చి చెబుతాడు. తాంబూలాల కంటే, లగ్నపత్రిక కంటే మాకు ఆ రంగు చెప్పడమే ముందు. అది చెప్పాడంటే ఇక మాట తిరగదు. ఆ పొద్దు అన్నాలు తిని చేయి కడుక్కున్నాక, మామ అమ్మతో అన్నాడు. "అక్కా, పెండ్లిచీర ఒకటి నేయల్ల. ఒడలు నిమ్మపండు రంగు, అంచు వక్క రంగు. వేణినే నేయమను." ఎవరి పెండ్లి అని నేను అడగలేదు. ఏ పిల్ల అడుగుతుంది? ఎంగిలి విస్తర్లు తీసుకుని పెరట్లోకి పోయి, ఆవుకు వేసి, అక్కడే గోడ పట్టుకుని నిలబడిపోయాను. రంగు చెప్పడమంటే మా ఇంట్లో ఏమిటో ఆ ఇంట్లోనే పెరిగిన మనిషికి తెలియదా? తెలుసు. తెలిసే చెప్పాడు. ఈ ఒక్క సంగతిలో అతన్ని నేనిప్పటికీ క్షమించలేదు.

ఒడలు, అంటే చీర నడిమి భాగం, ఒక రంగు, అంచు ఒక రంగు అయితే ఆ చీర ఒక్కరితో అయ్యేది కాదు. పక్కన ఇంకొకరు కూర్చుని, ప్రతి పోగుకూ అంచు నాడె అందించాలి. నా పక్కన కూర్చున్నది మా అమ్మ. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర. నేను విసురుతాను, ఆమె అందుకుంటుంది, ఆమె విసురుతుంది, నేను కొడతాను. మధ్యలో తెల్లోడు పాడుతూ ఉంటాడు. ఆ వారాల్లో ఉన్నంత సంతోషంగా నేను మళ్లీ ఎన్నడూ లేను, ఈ మాట మా ఆయన చదివినా సరే. పోగుపోగుకూ ఏదో ఒకటి అనుకునేదాన్ని. ఈ పోగు బెంగళూరులో మా అద్దెగదికి, ఈ పోగు అక్కడి వానకు, ఈ పోగు అతని జేబురుమాళ్లు ఉతికే సబ్బుకు. అమ్మ అంతగా మాట్లాడేది కాదు. మధ్యాహ్నం నాకు ముందు పెట్టి తర్వాత తాను తినేది. సాయంత్రం నా తలకు నూనె రాసి, వేళ్లకు వెన్న పూసేది. పెండ్లయి పోయే పిల్ల కదా, ముద్దు చేస్తోంది అనుకున్నాను.

జేజి ఒక్కతే ఆ రోజుల్లో నా మీద ఊరికే విసుక్కునేది. ఒక మధ్యాహ్నం కండెలు చుడుతూ చుడుతూ ఆపి, "ఏమే, నల్లదానికి నిమ్మపండు రంగేందే? నీ వంటికి సూటు కాదు. నువ్వు లేసిరా, మీ నాయన నేస్తాడు," అంది.

"నువ్వూరికే ఉండత్తా," అంది అమ్మ. "ఎవురికి సూటైతాదో వాళ్లే కట్టుకుంటారు."

జేజి లేచి బయటికి పోయి, ఉమ్మి, అరుగు మీద కూర్చుంది. ముసలిదానికి చాదస్తం అనుకుని నేను పాట గొంతు కొంచెం పెంచాను. ఇంత కంటే వివరంగా ఆమె నాకు ఇంకెలా చెప్పాలి?

చీర దింపిన రోజు నాయన దాన్ని తలుపు దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు పట్టాడు. మొదటి నుంచి చివరి దాకా జారనిచ్చాడు. ఎక్కడా ఆపలేదు. "ఒక్క చార లేదు," అన్నాడు అమ్మతో, నాతో కాదు. ఆ వారంలోనే ఒక పొద్దున మా ఇంటి ముందు తెల్లకారు ఆగింది. రమణమామ ముందు దిగి, వెనక తలుపు తీశాడు. షావుకారు భార్య, ఆమె వెనక ఒక అమ్మాయి దిగారు. నిమ్మపండు రంగు ఎవరి వంటికి సూటవుతుందో ఆ అమ్మాయిని చూడగానే తెలిసిపోయింది. అయినా మనసు వెంటనే ఒప్పుకోదు కదా. అంగడివాళ్లు సరుకు చూడటానికి వచ్చారనే అనుకుంటూ కాఫీ కలిపాను.

కాఫీలయ్యాక అమ్మ చీర తెచ్చి విప్పింది. షావుకారు భార్య దాన్ని వేళ్ల మధ్య పెట్టి చూసుకుని, "చెన్నాగిదె, బాగుంది. ఒకసారి కట్టించి చూపించండమ్మా, మా పాపకు పట్టుచీర కుచ్చిళ్లు పెట్టుకోను రాదు," అంది. అమ్మ నా వైపు తిరిగింది. "వేణీ, కట్టు," అంది. నేను లోపలి గదిలో ఆ అమ్మాయి ముందు మోకాళ్ల మీద కూర్చుని కుచ్చిళ్లు పెట్టాను. కొత్త పట్టు బిరుసుగా ఉంటుంది, ఒక్కొక్క మడతా వేళ్లతో నొక్కాలి. ఆమె వంగి నా నెత్తి మీద నుంచి మాట్లాడుతోంది. మంచి పిల్ల, పొగరు లేదు. "మీరేనా వేణక్క? మీ చేతిలో ఉండే పని ఎవరి చేతిలోనూ లేదంటారు ఈయన," అంది. ఈయన అంటే ఎవరని నేను తలెత్తలేదు. బయట మగ్గాల దగ్గర మామకు ఏం చేయాలో తోచక కాబోలు, టేపు నొక్కాడు. గిటారు మొదలైంది.

ఆ అమ్మాయి ఒక్కసారిగా అటు తిరిగింది. నా చేతుల్లోంచి కుచ్చిళ్లు జారిపోయాయి. "అరే, నా క్యాసెట్టు ఇక్కడుందా? ఈయన చేత గదంతా వెదికించాను," అని నవ్వింది. "ఇది నేనే ఎక్కించి ఈయనకు ఇచ్చాను. ఇంగ్లండు ఆయనది, పాట రాసేదీ పాడేదీ ఆయనే. మీకూ ఇష్టమా అక్కా? అయితే ఉంచుకోండి. నేను ఇంకొకటి చేయించుకుంటాను."

నేను కుచ్చిళ్లు మళ్లీ మొదటి నుంచి పెట్టాను. చేసిపెట్టడం తప్ప ఇంకేం చేయాలో నాకు తెలియలేదు. కొంగు సర్ది, ఆమెను బయటికి తీసుకొచ్చి నిలబెట్టాను. అమ్మ ఆమె చుట్టూ ఒకసారి తిరిగి, దిష్టి తీసి మెటికలు విరిచింది. నాయన మగ్గం వైపు తిరిగి తెగని పోగును ముడి వేస్తున్నాడు. మామ గోడకున్న క్యాలెండరు చదువుతున్నాడు. అప్పుడు నేను వాళ్ల ముగ్గురి ముఖాలూ చూశాను. ఒక్కరిలోనూ ఆశ్చర్యం లేదు. అంటే అందరికీ ముందే తెలుసు. నా గుండె పగిలింది మామను చూసి కాదు, మెటికలు విరుస్తున్న మా అమ్మ చేతులను చూసి.

అందరూ పెండ్లికి బెంగళూరు పోయారు. నాకు జ్వరమని చెప్పి, జేజికి అప్పగించి పోయారు. ఇంట్లో ఇద్దరమే. జేజి నాకు వేడినీళ్లు పోసి, సంగటి ముద్ద చేసి ముందర పెట్టి, తానూ కూర్చుంది. "నేను చెప్దామనే అనుకుంటి పాపా. మీ అమ్మ నాతో ఒట్టు పెట్టించుకున్యాది," అంది. నేను తలుపు దగ్గర కూర్చుని ఏడ్చినంతసేపు ఏడ్చాను. మగ్గాలు రెండూ ఖాళీగా ఉన్నాయి, చెడిపోవడానికి చీర లేదు. ఆ సాయంత్రం జేజి క్యాసెట్టు తీసి పొయ్యిలో పెట్టింది. అది కాలకుండా కరిగి, ఇల్లంతా కంపు చేసి, పొయ్యిరాయికి అతుక్కుపోయింది. "సావను గూడా సక్కంగా సావలే తెల్లోడు," అని జేజి పారతో గీకుతూ తిట్టింది. నవ్వు వచ్చింది నాకు, ఏడుపులోనే.

మామ మీద కోపం కొన్నాళ్లకు పలచబడింది. పట్నం పోయాడు, మనసు మారింది, చెప్పడానికి గుండె చాలలేదు. అలాంటి మొగవాళ్లు ఊరూరా ఉన్నారు. నా మీద అతనికి హక్కుందని అందరూ అన్నారు కానీ, అతని మీద నాకేమైనా హక్కుందని ఎవరూ అనలేదు కదా. అమ్మ మీద కోపం మాత్రం పలచబడలేదు. ఆమె నా పక్కన కూర్చుని, నా సంతోషం తన మోకాలికి తగులుతుండగా, పోగుపోగుకూ అబద్ధం అందించింది. తలకు నూనె రాస్తూ అబద్ధమాడింది. నేను ఆ తర్వాత కూడా నేశాను, ప్రైవేటుగా చదివాను, పంతులమ్మనయ్యాను. ముదిగుబ్బ సంబంధం వస్తే చేసుకున్నాను, ఆయన మంచి మనిషి. పండగలకు పుట్టింటికి పోయాను, అమ్మ చేతి వంట తిన్నాను, ఆమెకు చీరలు పెట్టాను. ఎందుకు చెప్పలేదని మాత్రం అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెబుతుంది, అది కూడా నమ్మాల్సి వస్తుందని భయం.

కరెంటు మగ్గాలు వచ్చి మా వీధిలో గుంతలన్నీ పూడిపోయాయి. ఆ షావుకారే అందరికంటే ముందు కరెంటు చీరలకు మారాడు. నాయన చివరి రోజుల్లో ఒక షెడ్డులో దారం చుట్టే పనికి పోయాడు. అక్కడ ఎవరు ఏడ్చినా, ఎవరు కొట్లాడినా చీర మీద చార పడదు. నా కూతురు చందన ఇంకో కాలం మనిషి. పోయిన ఏడు చూడటానికి వచ్చిన పెండ్లికొడుకుకు కాఫీ ఇస్తూనే, "మీరు నాకు నచ్చలేదండీ, ఏమీ అనుకోవద్దు," అని చెప్పేసింది. వాళ్లు పోయాక మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు. నేను లోపలికి పోయి తలుపేసుకుని నవ్వుకున్నాను. అంత సులభమా అది? ఆ ఒక్క వాక్యం మా ఇంట్లో ఎవరో ఒకరు అని ఉంటే?

పన్ను పీకించుకుని వచ్చి, వాచిన దవడతోనే చందనకు ఆ పాట కూనిరాగం తీశాను. దాని ఫోను నా కూనిరాగం విని పాటను వెదికి పెట్టింది. పాడినవాడి పేరు చెబుతానంది, వద్దన్నాను. తెల్లోడు తెల్లోడుగానే ఉండనీ. "ఏమంటాడే అందులో?" అన్నాను. ఇన్నేండ్లలో నా మనసులో ఒక ఆశ ఉండేది. అది వీడుకోలు పాట అయి ఉంటుందని, మామ నాకు అర్థం కాని భాషలోనైనా ముందే చెప్పి పోయాడని, అంత మాత్రం మర్యాద చేశాడని. చందన విని చెప్పింది. సెలవురోజు, బయట ముసురు, ఒక మొగవాడూ ఒక ఆడమనిషీ వంటింట్లో కూర్చుని ఉన్నారు, టీ చల్లారిపోయింది, ఇద్దరికీ లేవాలని లేదు. "అంతేనా?" అన్నాను. "అంతే మా. స్వీట్‌గా ఉంది," అంది. అందులో వస్తాననీ లేదు, పోతాననీ లేదు. మామకు ఇంగ్లీషు రాదు, నోటికొచ్చింది చెప్పాడు. నా ఆశకు ఆ పాట కూడా తోడు రాలేదు.

మరుసటి ఆదివారం ధర్మవరం పోయాను. అమ్మ మా తమ్ముడి ఇంట్లో, వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ నాలుగు తీశాను.

"మా, నిన్నొకటి అడగల్ల," అన్నాను.

"అడుగు."

"రమణమామ పెండ్లిచీర నేసేటప్పుడు నాకేల చెప్పలే?"

ఆమె చేయి ఆగలేదు. ఏ చీర అని కూడా అనలేదు. "చెప్పింటే నీ చెయ్యి ఆడునా?" అంది. "షావుకారు పెండ్లాము మన ఇంటి నేతే కావల్లనింది. ఒక్క చార పడినా ఆయమ్మ చీర తిప్పి పంపుతాది. పంపితే మన మగ్గాలు రెండూ నిలిచిపోతాండె. మీ తమ్ముడు ఇంతుండె. మీ నాయనకు చెయ్యి మునుపటి మాదిరి ఆడకపాయ, అట్లాంటి నేత నేసేది నువ్వొక్కదానివే. ఆ పాటల డబ్బా తెమ్మని రమణతో చెప్పింది గూడా నేనే. పాటుంటే నువ్వు కుదురుగా నేస్తావని."

టేపు కూడా మామ తనంతట తాను తెచ్చింది కాదన్నమాట. కొంచెంసేపు ఇద్దరం గింజలు తీశాం.

"నాకు చెప్పి, అమ్మీ, మనకు ఇట్ల కష్టముండాది, నేసియ్యి అని అడిగింటే?" అన్నాను.

"నేస్తాంటివా?"

ఆలోచించాను. అబద్ధం చెప్పదలచలేదు. "నేస్తాంటి మా. నీ ముఖం చూసి నేస్తాంటి. నాయన కంటికి దొరకకుండా నేస్తాంటి."

అమ్మ మొదటిసారి తలెత్తి నన్ను చూసింది. ఆ ముఖంలో తప్పు చేసిన బెదురు లేదు, దాపరికం లేదు. "నేస్తాంటివిలే, నాకు తెల్సు," అంది. "కానీ అట్లొస్తాండెనా? నీదనుకొని నేసినావు కాబట్టి అట్లొచ్చె. మీ నాయన చేత గూడా అట్లాంటి చీర దిగింది నేను సూడలే."

నా పనిని మా అమ్మ మెచ్చుకోవడం అదే మొదలు. మెచ్చుకుంటున్నానని కూడా ఆమెకు తెలియదు. ఒక నేతగత్తె ఇంకొక నేతగత్తెతో ఉన్నమాట చెప్పినట్టు చెప్పి, మళ్లీ గింజల్లో పడింది. సిగ్గులేని నా మనసు ఆ మాటకు ఒక్క క్షణం పొంగింది. పొంగినందుకు నాకు ఒళ్లు మండింది. లోపల మరదలు పళ్లేలు పెడుతున్న చప్పుడవుతోంది.

"లెయ్యి, సంగటి తిందాం," అంది అమ్మ.

"ఈడ తినను మా," అన్నాను. ఆ మాట నా నోట ఆమె ఏనాడూ వినలేదు. చేతిలో గింజ పట్టుకుని అలాగే చూస్తోంది. నేను చెప్పులు వేసుకుని, బస్టాండు వైపు నడిచాను.